ఐర్లండు విస్కీ, మన ఆబ్కారీ

క్రిందటి సంచిక అందిన వారానికి ఒక సభ్యురాలి ఉత్తరం వచ్చింది. వారి కుటుంబం మూడు తరాలుగా చెన్నపట్నంలోనే ఉన్నది. మనుమడు డబ్లిన్ నగరంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి సెలవు మీద వచ్చిన ఆ కుర్రవాడు పెట్టెలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడట. “ఇది ఐరిష్ విస్కీ, అమ్మమ్మా. మన వీధి చివర కొట్టులో అమ్మే సరుకు కాదు. దీని వంశమే వేరు” అన్నాడట. తాతగారు పేపరు మడిచి పక్కన పెట్టి, “సారా సారాయే. దానికి మళ్ళీ వంశమూ గోత్రమూనా?” అన్నారట. ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఈ శీర్షికలో రాయవలసిందని ఆవిడ కోరిక.

మొదటే ఒక మనవి. ఈ పదార్థం రుచి మేము ఎరుగము. ఆ సంగతి మమ్మల్ని అడిగి ప్రయోజనం లేదు. ఇరవై యేళ్ళకు పైగా చిట్టాలూ ఆవర్జాలూ రాస్తున్న గుమాస్తాలము గనుక లెక్కల సంగతి మాత్రం కొంత తెలుసు. నాలుగు పుస్తకాలు తిరగవేసి చూడగా మాకు తోచినదేమంటే, ఐర్లండు విస్కీని కాచినవాడు సగం తయారుచేస్తే, దాని మీద పన్ను వేసినవాడు తక్కిన సగం తయారుచేశాడు. మన మద్రాసు కథా అంతే.

ముందు పేరు చూద్దాం. ఐర్లండు వారి సొంత భాషలో దీనిని “ఇష్క బ్యాహ” అన్నారు. జీవజలం అని అర్థం. మఠాల్లో లాటిన్ చదివినవారు “ఆక్వా వీటే” అన్నదానికి అది సరియైన తర్జుమా. ఇంగ్లీషువారి నాలుకకు రెండో మాట పట్టుబడలేదు కాబోలు, మొదటి మాటే మిగిలి, అరిగి అరిగి విస్కీ అయింది. అంటే అర్థం చూస్తే వట్టి ‘నీళ్ళు’ అన్నమాట. జీవం దారిలో ఎక్కడో పోయింది. ఐర్లండు చరిత్ర పత్రాల్లో దీని ప్రస్తావన వచ్చే పాత చోట్లలో ఒకటి 1405 నాటిది. ఒక నాయకుడు క్రిస్మసు పండుగనాడు ఈ జీవజలం మితిమీరి పుచ్చుకొని చనిపోయాడని అందులో రాసి ఉన్నది!

తయారుచేసే పద్ధతి మన ఇల్లాళ్ళకు తెలియనిదేమీ కాదు, సగం వరకు. రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తిన తరువాత ఎండబెట్టి పిండి పట్టించి పిల్లలకు జావ కాస్తాము గదా. మొలక వచ్చిన గింజలో పిండి తియ్యగా మారే గుణం పుడుతుంది. అక్కడ వారు బార్లీ గింజలను అలాగే మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టి, వేడినీళ్ళలో కలుపుతారు. దిగిన తియ్యని నీటిని వడగట్టి ఈస్టు వేసి పులియబెడితే నూటికి ఎనిమిది పది పాళ్ళు సారం గల పుల్లని ద్రవం తయారవుతుంది. దానిని రాగి బట్టీలో పోసి కాస్తారు. నీరు మరిగేది నూరు డిగ్రీల దగ్గర, సారం మరిగేది డెబ్బై ఎనిమిది దగ్గర. కనుక ముందు లేచేది సారపు ఆవిరి. పన్నీరు తీసేవారు చేసినట్లే ఆ ఆవిరిని గొట్టంలో నడిపించి చల్లార్చి పట్టుకొంటారు. మొదట వచ్చినదీ చివర వచ్చినదీ వేరుగా తీసిపెట్టి నడిమి భాగాన్నే ఉంచుకొంటారు. స్కాట్లండు వారు ఎక్కువగా రెండుసార్లు కాస్తే, ఐర్లండులో చాలామంది మూడుసార్లు కాస్తారు. అందుకే వారి సరుకు మెత్తగా ఉంటుందని ఎరిగినవారు చెప్తారు.

ఇలా దిగిన సారానికి రంగు ఉండదు. రంగూ, వాసనలో పెద్ద భాగమూ ఓకు చెక్కతో చేసిన పీపాల నుంచి వస్తాయి. అమెరికాలో బూర్బన్ నిలవచేసిన పీపాలు, స్పెయిన్‌లో షెర్రీ అనే ద్రాక్షసారాయి పోసిన పీపాలు తెప్పించి వాటిలో నింపుతారు. ఐర్లండు ద్వీపంలోనే, చెక్క పీపాలో, కనీసం మూడేళ్ళు మగ్గితేగాని అది ఐరిష్ విస్కీ కాదని అక్కడి చట్టం. మగ్గుతున్నంత కాలం చెక్క గుండా కొంత ఆవిరైపోతూ ఉంటుంది. ఏటా నూటికి రెండు పాళ్ళు పోతుందని అక్కడి లెక్క. దానిని దేవదూతల వాటా అంటారు. మన దేశపు ఎండకు ఆ దేవదూతలకు మరీ దాహం. బెంగుళూరులో 1948లో పెట్టిన అమృత్ కంపెనీవారు 2004లో బార్లీ మాల్టుతోనే చేసిన విస్కీని స్కాట్లండుకే తీసుకుపోయి విడుదల చేశారు. వారి గోదాములో ఏటా పదవ వంతుకు పైగా ఆవిరైపోతుందట.

పాతకాలపు గోదాములకు రెండు తాళాలు ఉండేవి. ఒకటి యజమానిది, ఒకటి ప్రభుత్వానిది. ఇద్దరూ వచ్చి తెరిస్తేగాని పీపా కదలదు. బయటికి వెళ్ళే రోజున పన్ను కడతారు. ఈ ఏర్పాటు చదివినప్పుడు మాకు నిజంగా ముచ్చట వేసింది. మూడేళ్ళూ పదేళ్ళూ రిజిస్టరులో ఒక్కో పీపా నంబరు మోస్తూ కూర్చున్న గుమాస్తా ఎవరో ఉండి ఉంటాడు గదా! ఇంకొక మాట. విస్కీకి వయస్సు పీపాలో ఉన్నన్నాళ్ళే. సీసాలోకి దిగిన తరువాత పెరగదు. సీసాను బీరువాలో ఇరవై యేళ్ళు దాస్తే పన్నెండేళ్ళ సరుకు ముప్పై రెండేళ్ళది అవుతుందనుకోవడం భ్రమ.

ఇక పన్నుల కథ. 1661 క్రిస్మసు నాటినుంచి గాలనుకు నాలుగు పెన్నీల వంతున పన్ను పెట్టారు. అంతవరకు ఇంట్లో కాచుకొంటున్న రైతు మరునాటినుంచి దొంగ అయ్యాడు. అతని సారాను “పొచీన్” అన్నారు. చిన్న కుండ అని అర్థం. 1779లో చట్టం ఇంకా బిగిసింది. నీవు ఎంత కాచావని అడగడం మాని, నీ బట్టీ ఇంత పెద్దది గనుక ఇన్నాళ్ళలో ఇంత కాచి ఉంటావని ఊహించి పన్ను వేశారు. చిన్నవారు ఆ ఊహకు తట్టుకోలేకపోయారు. ఆ ఏడు 1,228గా ఉన్న లైసెన్సు బట్టీలు 1790 నాటికి 246కు, 1821 నాటికి 32కు దిగిపోయాయి. లైసెన్సు లేనివాటి లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఎక్కడైనా దొంగ బట్టీ దొరికి, యజమాని దొరకకపోతే, ఆ పల్లె మొత్తం మీద జరిమానా వేసేవారు.

1785లో మొలకెత్తించిన బార్లీ మీద వేరే పన్ను వచ్చింది. డబ్లిన్ వారు ఏమి చేశారు? మొలకెత్తించనిదీ మొలకెత్తించినదీ కలిపి కాచారు. పన్ను తగ్గింది, రుచి మారింది. కొంచెం జిడ్డుగా, మిరియపు ఘాటుతో ఉంటుందట ఆ రుచి. ‘పాట్ స్టిల్’ విస్కీ అని ఇవాళ ఐర్లండువారు తమ వారసత్వంగా చెప్పుకొనేది ఇదే. పన్ను తగ్గించుకోవడానికి తొక్కిన అడ్డదారి నేడు రాచబాట అయింది.

తాతగారి ‘గోత్రం’ మాట కూడా ఒక విధంగా నిజమే. ఆ గోత్రానికి ఋషి ఒక ఆబ్కారీ అధికారి! ఈనియాస్ కాఫీ అనే ఆయన ఐర్లండులో ఎక్సైజు ఉద్యోగి. 1810లో డనెగాల్ ప్రాంతంలో పొచీన్ కాచేవారి మీదికి వెళ్ళి బాయొనెట్టు పోట్లు తిన్నాడు. అయినా మానలేదు. శాఖలో పై పదవికి ఎక్కి, 1824లో రాజీనామా చేసి, 1830లో ఒక కొత్త రకం బట్టీకి పేటెంటు తీసుకొన్నాడు. జీవితమంతా బట్టీలు పగులగొట్టినవాడు బట్టీ కనిపెట్టడం విచిత్రమే. రాగి కుండ అయితే నింపాలి, కాయాలి, ఖాళీ చేయాలి, కడగాలి, మళ్ళీ నింపాలి. కాఫీ బట్టీలో రెండు ఎత్తైన స్తంభాలు ఉంటాయి. లోపల బెజ్జాల పళ్ళేలు అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. పై నుంచి పులిసిన ద్రవం దిగుతుంటే కింద నుంచి ఆవిరి ఎగసివచ్చి దానిలోని సారాన్ని ఎత్తుకుపోతుంది. పగలూ రాత్రీ ఆగనవసరం లేదు. నూటికి తొంభై పాళ్ళకు మించిన సారం దిగుతుంది. అయితే గింజ వాసన దాదాపు ఉండదు.

డబ్లిన్ పెద్దలు దానిని గడప తొక్కనివ్వలేదు. జాన్ జేమ్‌సన్, పవర్ వంటి కంపెనీలు అప్పటికి ప్రపంచంలో పేరున్నవి. వాసన లేని దానిని విస్కీ అనడం మోసమని 1870ల చివర పుస్తకమే అచ్చు వేయించారు. స్కాట్లండువారు మాత్రం ఆ బట్టీని తీసుకొని, చౌక సారంలో కొంత పాత సరుకు కలిపి లోకమంతా అమ్మారు. చివరకు ‘అసలు విస్కీ అంటే ఏమిటి’ అని తేల్చడానికి లండన్‌లో రాయల్ కమిషను కూర్చుని, 1909లో రెండూ విస్కీయేనన్నది. అయితే గింజ నుంచి తీసినదై ఉండాలన్న షరతు మాత్రం వదలలేదు. డబ్లిన్ వారు వ్యాజ్యం ఓడిపోయారు. ఆ తరువాత అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం, 1922లో దేశం విడిపోవడం, ఆ పై బ్రిటనుతో వర్తకపు తగాదా వరుసగా వచ్చి పడ్డాయి. 1966లో మిగిలిన మూడు పెద్ద కంపెనీలు ఒకటిగా కలిసిపోయాయి. 1970ల చివరకు మొత్తం ద్వీపంలో దక్షిణాన మిడిల్టన్, ఉత్తరాన బుష్‌మిల్స్ రెండే మిగిలాయి. పాత మిడిల్టన్‌లో 31,000 గాలన్లకు పైగా పట్టే రాగి బట్టీ నేడు చూడవచ్చినవారికి వింత. ప్రస్తుతం నలభైకి మించిన డిస్టిలరీలు మళ్ళీ పనిచేస్తున్నాయి. మనుమడు తెచ్చిన సీసా వెనుక ఇంత కథ ఉన్నది.

మరి మన వీధి చివర కొట్టులో ఉన్నదేమిటి? దీనికి జవాబు కావాలంటే పారీస్ కార్నర్ దాకా నడవాలి. రోజూ ఆ మూల బస్సు దిగేవారు వేలకొద్దీ ఉన్నారు. ఇ.ఐ.డి. పారీ అనే పేరులో ఆ మూడు అక్షరాలకు అర్థం ఎవరైనా ఆలోచించారా? ఈస్టు ఇండియా డిస్టిలరీస్! వేల్సు దేశస్థుడు థామస్ పారీ 1788లో ఈ ఊరికి వచ్చాడు. 1897లో ఆ కంపెనీవారి చెరకు, సారా వ్యాపారాలకు ‘ఈస్టు ఇండియా డిస్టిలరీస్ అండ్ షుగర్ ఫ్యాక్టరీస్’ అని పేరు పెట్టారు. కడలూరు దగ్గర నెల్లికుప్పంలో ఫ్యాక్టరీ. మన గోదావరి వైపు సామర్లకోటలో ఉండిన కంపెనీ పేరు కూడా దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ. చక్కెరా ఆబ్కారీ ఒక్క బోర్డు మీదనే ఎందుకున్నాయో దానిలోనే తెలుస్తున్నది. చెరకు రసం నుంచి చక్కెర తీయగా నల్లని మడ్డి మిగులుతుంది. మొలాసిస్ అంటారు. దానిలో తీపి ఇంకా చాలా ఉంటుంది. ఊరికే పారబోయక పులియబెట్టి స్తంభపు బట్టీలో కాస్తే చౌకగా సారం వస్తుంది. మన దక్షిణాదిన బార్లీ పండదు, చెరకు పండుతుంది. అంతే సంగతి.

ఇక విస్కీ అనే పేరు ఓడ దిగి వచ్చింది. మెక్‌డోవెల్ అనే స్కాట్లండు దొర 1826లో ఈ మద్రాసులోనే కంపెనీ పెట్టి, తెల్లవారికి సీమసారాయిలూ చుట్టలూ తెప్పించి అమ్మేవాడు. 1951లో విఠల్ మల్య దానిని కొన్నారు. 1959లో కేరళలోని చేర్తలలో డిస్టిలరీ పెట్టారు. సీమ పేరు దేశీ సారం మీదికి దిగింది. నేటికీ మన దేశంలో విస్కీగా అమ్ముడయ్యేదానిలో చాలా భాగం మొలాసిస్ నుంచో, నూకల వంటి ధాన్యం నుంచో తీసిన వాసన లేని సారం. కొన్నిటిలో కొంత మాల్టు సరుకు కలుపుతారు. మన నిబంధనలు దీనిని ఒప్పుకొంటాయి. ఐరోపా చట్టం ఒప్పుకోదు. గింజ నుంచి తీయనిది, మూడేళ్ళు పీపాలో మగ్గనిది అక్కడ విస్కీ పేరుతో అమ్మరాదు. మన ప్రభుత్వాల కాగితాల్లో దీని పేరు ‘ఇండియాలో తయారైన విదేశీ మద్యం’. ఇటువంటి పదబంధం ఏ గుమాస్తా కలం నుంచి వచ్చిందో గాని అతనికి దండం పెట్టాలి. చెరకు మనది, నీరు మనది, తాగేవాడు మనవాడు. విదేశీ ఎక్కడున్నదయ్యా అంటే చీటీ మీద.

కనుక అమ్మమ్మగారికి మా జవాబు ఇది. సరుకు వేరన్న మనుమడి మాట నిజం. దేశీ సారం దించేది ఆ ఐర్లండు ఆబ్కారీ ఉద్యోగి బట్టీ సంతానమే గనుక బంధుత్వం ఉన్నదన్న తాతగారి మాటా నిజం. తాగినవాడి కాలేయానికి మాత్రం ఈ తేడాలు తెలియవు. రెండిటిలోనూ మత్తెక్కించే సారం ఒకటే.

కాఫీ దొరకు డనెగాల్‌లో జరిగినటువంటిది మన తెలుగు నేల మీద కూడా జరిగింది. గోదావరి జిల్లా రంప కొండల్లో తాడిచెట్ల నుంచి, జీలుగు చెట్ల నుంచి కల్లు దింపుకోవడం కొండవారికి తాతలనాటి హక్కు. దానిమీద మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలూ, మన్సబుదారు ‘చిగురు పన్నూ’ వచ్చి పడ్డాయి. 1879 మార్చిలో పితూరీ లేచింది. పోలీసు ఠాణాల మీద పడ్డారు. కారం తమ్మన్నదొర పేరు ఆ రోజులదే. అణచడానికి సైన్యాలు పంపవలసి వచ్చింది. సీతారామరాజు పితూరీ అందరికీ తెలుసు గాని, దానికి నలభై యేళ్ళ ముందు అదే కొండల్లో జరిగిన ఈ పితూరీకి కల్లు మీద పన్ను పెద్ద కారణమని మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. ఐర్లండులో దొంగసారాగా బతికిన పొచీన్‌కు 1997లో చట్టం దారి ఇచ్చింది. 2008 నుంచి ఐరోపాలో దాని పేరుకే రక్షణ ఉన్నది. మన ఏజెన్సీ ఇప్పసారాకు అటువంటి చీటీ లేదు. లేకపోతే పోయిందనేవారూ ఉంటారు, వారితో మేము పోట్లాడము.

ఎందుకంటే ఈ వ్యవహారం రెండో వైపు మేము దగ్గరనుంచి చూశాము. మాతో పనిచేసిన ఒక అటెండరు భార్య జీతం రోజున మధ్యాహ్నం మూడింటికే ఆఫీసు గేటు దగ్గరకు వచ్చి నిలబడేది. కొట్టు ఆఫీసుకూ బస్సుస్టాపుకూ నడుమ ఉండేది మరి. పెన్షను అందుకోవలసిన వయస్సు రాకముందే ఆయన పోయాడు. కుటుంబ పెన్షను కాగితాలు రాసిపెట్టింది మేమే. సారా వద్దన్నవారిని ఛాందసులని నవ్వేవారు ఆ గేటు దగ్గర ఒక్క నెల నిలబడి చూడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించినప్పుడు ఊరూరా ఆడవాళ్ళు లేచి రావడానికి కారణం ఇదే. ఆంధ్రలో 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

మన మద్రాసులో నిషేధం అంతకంటె పాతది. 1937లో రాజాజీ ముఖ్యమంత్రిగా, మన ప్రకాశంగారు రెవెన్యూ మంత్రిగా ఉండగా అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలైంది. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948 నాటికి రాష్ట్రమంతటా అమలైంది. విధి విచిత్రం చూడండి, 1954 నవంబరులో ఆంధ్ర శాసనసభలో ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది ఈ మద్యనిషేధపు చర్చ మీదనే. తమిళనాడులో 1971లో నిషేధం ఎత్తివేశారు, మళ్ళీ పెట్టారు, 1981లో మళ్ళీ ఎత్తివేశారు. 1983లో టాస్మాక్ వచ్చింది. 2003 నుంచి చిల్లర కొట్లూ ప్రభుత్వానివే. ఏటా ఖజానాకు వచ్చేది 40,000 కోట్ల రూపాయలకు పైమాటే.

పన్నుతో ధర పెరిగినకొద్దీ దొంగబట్టీ తెరుచుకొంటుందని ఐర్లండు కథ చెప్పనే చెప్పింది. ఇక్కడ అంతకంటె ఘోరం, బట్టీ కూడా లేదు. ఫ్యాక్టరీల్లో వాడే మిథనాలును నీళ్ళలో కలిపి పొట్లాల్లో అమ్ముతున్నారు. చూపుకూ వాసనకూ మామూలు సారంలాగే ఉంటుంది. ఒంట్లోకి పోయి విషమై ముందు కళ్ళు తీస్తుంది, తరువాత ప్రాణం. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో అరవైమందికి పైగా పోయారు. తాగిన తరువాత చూపు మసకబారిందంటే పడుకొంటే తగ్గుతుందని ఊరుకోరాదు, తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. దానికి విరుగుడు మందు ఉన్నది, ఆలస్యమైనకొద్దీ దాని ప్రయోజనం తగ్గుతుంది. మన ఇళ్ళలో పనిచేసేవారికి ఈ ఒక్క సంగతి చెప్పండి.

చివరగా ఒక లెక్క. మద్యనిషేధంవల్ల పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి రాజాజీ ప్రభుత్వంవారు 1939లో ఒక కొత్త పన్ను పెట్టారు. అదే అమ్మకపు పన్ను. ఉప్పూ పప్పూ అమ్మే మన తెలుగు వర్తకులు అప్పుడు పెద్ద గోల చేశారని పెద్దలు చెప్పగా విన్నాము. తరువాత మద్యం తిరిగి వచ్చింది, పన్ను ఉండిపోయింది. 2007లో దానికి వ్యాట్ అని పేరు మారింది. 2017లో జీఎస్టీ వచ్చి దాదాపు అన్ని సరుకుల మీదనుంచీ దానిని తీసివేసింది. తీసివేయని కొద్ది సరుకుల్లో పెట్రోలు ఒకటి, తాగే మద్యం ఒకటి.